పక్క ఊరి చర్చి పైకప్పు గురించి జర్మనీలోని తెలుగువారికి ఒక బహిరంగ లేఖ

జర్మనీలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ఇక్కడి యూనివర్సిటీల్లో చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ఉద్యోగాలు చేసుకుంటూ చిన్న ఊళ్లలో కాపురం పెట్టిన అన్నలకు, అక్కలకు,

నమస్కారం.

ఏటా సెప్టెంబరు రెండో ఆదివారం జర్మనీ అంతటా పాత కట్టడాల తలుపులు జనం కోసం తెరిచి పెడతారు. 1993 నుంచి ఇది దేశమంతా జరుగుతోంది. కోటలు, మిల్లులు, పాత ఇళ్లతో పాటు ఊరి చర్చిలు కూడా ఆ రోజు తెరుస్తారు. మన సంఘాల క్యాలెండర్‌లో ఉగాది, బతుకమ్మ, దసరా, దీపావళి, సంక్రాంతి ఉన్నాయి. ఈ ఒక్క ఆదివారాన్ని కూడా అందులో చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. బ్యానర్ పట్టుకుని ఫొటో దిగడం కోసం అడగడం లేదు. మీరుండే ఊళ్లోనో, పక్క ఊళ్లోనో ఉన్న చర్చికి వెళ్లండి. దాన్ని చూసుకుంటున్న నలుగురైదుగురు పెద్దవాళ్లతో మాట్లాడండి. ఏ పనికి తోడు కావాలో అడగండి. నేను కోరేది ఇదే.

నేను సివిల్ ఇంజనీర్‌ని. లైప్‌జిగ్‌కి దక్షిణాన ఒక చిన్న ఊళ్లో ఉంటాను. పుట్టింది క్రైస్తవ కుటుంబంలో కాదు. అయినా మా ఊరి చర్చిని నిలబెట్టే సంఘంలో సభ్యుణ్ణి. ఇలాంటి సంఘాన్ని ఇక్కడ ఫోర్డర్‌ఫెరైన్ అంటారు. రిజిస్టర్ చేసిన చిన్న సంఘం, ఏడాదికి కొద్దిపాటి చందా, ఒక ఖజానాదారు, ఒక అధ్యక్షురాలు, అంతే. తూర్పు జర్మనీలో ఇలాంటి సంఘాల సభ్యుల్లో చాలామంది అసలు చర్చి సభ్యులే కారు. ప్రార్థనకు రారు, కానీ పైకప్పు కురుస్తోందంటే వస్తారు. మొదట్లో నాకు ఇది ఆశ్చర్యంగా ఉండేది. ఇప్పుడు మాత్రం మన సంఘాలన్నిటికీ చెప్పాల్సిన మాట ఇదేననిపిస్తోంది. ఊరి మధ్యలో ఉన్న కట్టడాన్ని చూసుకోవాల్సింది ఆ ఊళ్లో ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ ఊళ్లో ఉండేవాళ్లలో మనమూ ఉన్నాం.

ఈ చర్చిలు ఎంత పాతవో చాలామందికి తెలియదు. రైల్లో వెళ్తూ కిటికీలోంచి చూస్తే ఏదో 19వ శతాబ్దపు కట్టడంలా కనిపిస్తాయి. బెర్లిన్ చుట్టూ ఉన్న బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రాన్నే తీసుకోండి. 12, 13 శతాబ్దాల్లో పడమటి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు పొలం దున్నుతుంటే నాగలికి గ్రానైటు గుండ్లు తగిలేవి. మంచుయుగంలో స్కాండినేవియా నుంచి హిమానీనదాలు మోసుకొచ్చి అక్కడ వదిలేసిన రాళ్లు అవి. వాటిని పగలగొట్టి, ముఖం చెక్కి, వరసలు కూర్చి చర్చి గోడలు కట్టారు. బయట ఒక వరస, లోపల ఒక వరస చెక్కిన రాళ్లు, నడుమ చిన్న రాళ్లూ సున్నమూ. గోడ మందం మీటరు దాకా ఉంటుంది. అప్పటికి ఊళ్లో రాతితో కట్టింది అదొక్కటే. మిగతావన్నీ కర్ర, మట్టి, గడ్డి ఇళ్లు. అందుకే ఊరు తగలబడినా, దోపిడీ జరిగినా చర్చి గోడలు మిగిలేవి. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిపోయిన ప్రాంతం అది. తర్వాత వచ్చినవాళ్లు ఆ గోడల మీదే కొత్త పైకప్పు వేసుకున్నారు. గోడది ఒక శతాబ్దం, దూలాలది ఇంకో శతాబ్దం, గోపురానిది మరో శతాబ్దం. దూలంలోని వయసు వలయాలను లెక్కపెట్టి ఆ చెట్టు ఏ ఏడు నరికారో చెప్పేస్తారు.

లోపల ఉన్న వస్తువుల సంగతి ఇంకా పెద్దది. బ్రాండెన్‌బర్గ్‌లోని కొన్ని చర్చిల్లో చెక్కతో చెక్కిన దేవదూతల బొమ్మలు పైకప్పు నుంచి తాడుతో వేలాడుతుంటాయి. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు తాడు వదిలితే బొమ్మ కిందికి దిగి వస్తుంది. దాని చేతిలోని పళ్లెంలో నీళ్లు పోసి బిడ్డ తలకు చల్లుతారు. 19వ శతాబ్దంలో కొందరికి ఇది నచ్చక, వాటిని అటక మీద పడేశారు. వందేళ్లు దుమ్ములో, పురుగుల మధ్య పడి ఉన్న ఆ బొమ్మలను ఈ మధ్య కాలంలోనే ఒక్కొక్కటిగా కిందికి దించి, బాగుచేసి, మళ్లీ వేలాడదీస్తున్నారు. అలాంటి బొమ్మ దగ్గర నిలబడి పైకి చూడకుండా బెర్లిన్ మ్యూజియాల చుట్టూ తిరిగి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

యుద్ధాలు ఈ ఊళ్ల నుంచి చాలా తీసుకుపోయాయి. 1917లో చర్చిలో వాయించే ఆర్గాన్ అనే పెద్ద వాద్యం ముందు భాగంలో మెరిసే తగరపు గొట్టాలను ప్రభుత్వం పట్టుకుపోయింది. 1940లో గంటల వంతు వచ్చింది. ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేసి, కొత్తగా పోసినవన్నీ ఎ కింద వేసి నేరుగా కరిగించారు. డి తరగతిలో పడ్డ అతి పాత గంటలు మాత్రమే గోపురంలో ఉండిపోయాయి. చాలా ఊళ్లలో ఒక్క గంటే మిగిలింది. తర్వాత కంచు కొనే స్తోమత లేక ఉక్కు గంటలు పెట్టుకున్న ఊళ్లు ఎన్నో. ఇప్పుడు ఆ ఉక్కు తుప్పు పట్టి, వాటినీ మార్చాల్సి వస్తోంది. ఊళ్లో గంట ఎందుకు ఒక్కటే ఉంది అని అడిగితే ముసలివాళ్లు ఈ కథ అంతా చెబుతారు. అడిగేవాళ్లు కావాలి.

1945 దాకా చాలా ఊళ్లలో చర్చి మరమ్మతు బాధ్యత ఆ ఊరి భూస్వామిది. పాస్టరును నియమించడంలో ఆయన మాట చెల్లేది, దానికి బదులుగా పైకప్పు ఖర్చు ఆయన భరించేవాడు. సోవియట్ సైన్యం చేతిలోకి వచ్చిన ప్రాంతంలో 100 హెక్టార్లకు మించిన భూములన్నీ 1945లో స్వాధీనం చేసుకున్నారు. భూస్వామి పోయాడు, ఆయనతో పాటు ఆ బాధ్యత మోసే మనిషీ పోయాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు తూర్పు జర్మనీలో పెంకులు దొరకవు, కలప దొరకదు, చర్చికి వెళ్లేవాళ్లను ప్రభుత్వం అనుమానంగా చూసేది. పిల్లలు చర్చికి దూరంగా పెరిగారు. 1990లో దేశం ఒక్కటయ్యేసరికి ఎన్నో చర్చిలు ఆకాశం కనిపించే స్థితికి వచ్చాయి. పని దొరక్క యువకులు పడమటికి వెళ్లిపోయారు. సరిగ్గా అదే ఏడు బెర్లిన్-బ్రాండెన్‌బర్గ్ పాత చర్చిల కోసం ఒక సహాయక సంఘం పుట్టింది. ఊరూరా చిన్న సంఘాలు పెట్టించి, మొదటి ఖర్చుకు చేయూతనిచ్చి, అది చాలా చర్చిలను నిలబెట్టింది. గొప్ప పని. అయితే అప్పుడు యాభై ఏళ్ల వయసులో నిచ్చెనలు ఎక్కినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి.

నా ఆందోళన అక్కడే మొదలవుతుంది.

చర్చి పాడైపోవడం ఎలా ఉంటుందో ఇంజనీరుగా చెబుతాను. పిడుగు పడో, యుద్ధం వచ్చో పోయేవి తక్కువ. ఎక్కువ చర్చిలు పోయేది ఆకుల వల్ల. గట్టర్‌లో లిండెన్ చెట్ల ఆకులు నిండుతాయి, నీళ్లు పొంగి గోడ మీదుగా దిగుతాయి. ఒక పెంకు జారితే కింది వాసం తడుస్తుంది. గోడ మీద దూలం ఆనుకునే చోటు అన్నిటికన్నా ప్రమాదం. పాత మరమ్మతుల్లో పగిలిన పెంకులు, సున్నపు పెళ్లలు అక్కడే వదిలేసి ఉంటారు. దాని మీద పావురాల రెట్ట చేరుతుంది. ఆ చెత్త తడిని పట్టి ఉంచుతుంది, దూలం కొన మెత్తబడిపోతుంది. కొన పోయిన దూలం పైకప్పు బరువును నిలువుగా గోడకు దించలేదు, వాసాలు బయటికి తన్నుకుంటాయి, గోడ బయటికి వాలుతుంది, కిటికీ మూల నుంచి పగులు బయల్దేరుతుంది. పగులు చూశాక అందరికీ టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి ఖర్చు లక్షల యూరోల్లో ఉంటుంది. పదిహేనేళ్ల ముందు ఒక శనివారం ఇద్దరు మనుషులు పార, బకెట్టు పట్టుకుని అటక ఎక్కి ఆ చెత్త ఎత్తిపోసి ఉంటే ఇంత ఖర్చు వచ్చేది కాదు.

తడి నిలిచిన చోట చెక్కను తినే బూజు మొదలవుతుంది. ఎర్రటి పొడిలా దుమ్ము కనిపిస్తే అదే. ఇది రాతి గోడ సందుల్లోంచి కూడా పాకి అవతలి చెక్కను పట్టుకుంటుంది. అందుకే కుళ్లిన దూలం ఒక్కటి మార్చితే సరిపోదు, గోడలో ఎంత దూరం వెళ్లిందో చూడాలి. పైన్ దూలాలను లోపలి నుంచి తొలిచే పురుగులు వేరే. పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ గుచ్చితే లోపలికి దిగిపోతుంది.

ఇంకొక శత్రువు సిమెంటు. 20వ శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే చాలా రాతి గోడలకు సిమెంటు పూత పూశారు. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సిమెంటు పూత వేస్తే లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి రాలేవు. చలికాలంలో గడ్డకట్టి పూతను, దాంతో పాటు రాతి ముఖాన్ని కూడా ఊడదీస్తాయి. ఇప్పుడు ఆ సిమెంటును ఉలితో గీకి తీసి మళ్లీ సున్నం వేయడానికే సగం డబ్బు పోతోంది. మన దగ్గర పాత గుడికైనా, పాత చర్చికైనా దాత దొరికితే ముందు జరిగేది టైల్స్, ఆయిల్ పెయింటు. ఆ అలవాటును ఇక్కడికి తీసుకురావద్దని ముందే వేడుకుంటున్నాను. ఇక్కడ చట్టం కూడా ఒప్పుకోదు. రక్షిత కట్టడం మీద చిన్న రంగు వేయాలన్నా ఆ జిల్లా కట్టడాల రక్షణ అధికారి అనుమతి కావాలి.

నేల కింది నీటి సంగతి చెప్పడానికి జర్మనీలో ఒక ఊరు ఉంది. ఉత్తరాన ఎమ్డెన్ దగ్గర సూర్‌హూజెన్. 13వ శతాబ్దపు చర్చికి 1450లో గోపురం కట్టారు. బురద నేల కాబట్టి పునాదిలో ఓక్ చెట్ల మొద్దులు వేశారు. నీళ్లలో మునిగి ఉన్నంత కాలం ఆ కలప చెక్కుచెదరలేదు. 19వ శతాబ్దంలో చుట్టుపక్కల పొలాల నీళ్లు కాల్వల్లోకి తోడేశారు. నేల ఎండి, మొద్దులకు గాలి తగిలి, కుళ్లిపోవడం మొదలైంది. గోపురం ఒక పక్కకు ఒరిగింది. ఇప్పుడు దాని వాలు 5.19 డిగ్రీలు, అంటే పీసా గోపురం కన్నా ఎక్కువ. 27 మీటర్ల ఎత్తుకు రెండున్నర మీటర్ల దాకా పక్కకు వంగింది. 1975లో ప్రమాదమని మూసేశారు, పునాదిని గట్టిచేసి పదేళ్ల తర్వాత తెరిచారు. 2007లో గిన్నిస్ రికార్డు వచ్చింది, బస్సుల్లో జనం వస్తున్నారు. నన్ను కదిలించింది మాత్రం రికార్డు కాదు. పొలాలకు మేలు చేద్దామని తీసిన కాల్వ, ఎవరికీ తెలియకుండా చర్చి పునాదిని తినేసింది. కట్టడాన్ని ఎప్పుడూ గమనిస్తూ ఉండాలనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు మా ప్రాంతపు కథ. లైప్‌జిగ్ దక్షిణాన హాయర్స్‌డోర్ఫ్ అనే ఊరు ఉండేది. దాని కింద లిగ్నైట్ బొగ్గు. పక్కనే లిప్పెన్‌డోర్ఫ్ థర్మల్ ప్లాంటు. ఊరివాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడారు. 2000లో సాక్సనీ రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ల పక్షాన నిలిచి, ఊరిని తీసేసే చట్టాన్ని కొట్టేసింది. ప్రభుత్వం 2004లో ఇంకో చట్టం తెచ్చింది, 2005లో కోర్టు దాన్ని సమర్థించింది. ఊరు పోయింది. చర్చిని మాత్రం కాపాడాలని నిర్ణయించారు. 1297 నాటి రికార్డులోనే ప్రస్తావన ఉన్న చర్చి అది. పద్నాలుగున్నర మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల లోపు వెడల్పు. పెద్దదేమీ కాదు.

శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టిన సంగతి మనలో చాలామందికి తెలుసు. ఇక్కడ అలా కుదరదు. చెక్కిన రాళ్ల పేర్పు కాదు, సున్నంలో చిన్న రాళ్లు కూరిన గోడ. విప్పితే మిగిలేది రాళ్ల గుట్టే. కాబట్టి గోడల లోపలికి మోర్టార్ ఎక్కించి, చుట్టూ ఉక్కు పట్టీలు బిగించి, కింద నుంచి కాంక్రీటు వేసి, మొత్తం చర్చిని అలాగే ఎత్తి చక్రాల బండి మీద పెట్టారు. ఆరేడు వందల టన్నుల బరువు. 2007 అక్టోబరు చివరి వారంలో బండి మనిషి నడక కన్నా నెమ్మదిగా కదిలింది. ప్లైసె, వీరా నదులు దాటింది. రైలు పట్టాలు దాటింది. 12 కిలోమీటర్లు వెళ్లి అక్టోబరు 31న, లూథరన్లు సంస్కరణ దినం జరుపుకునే రోజున, బోర్నా పట్టణానికి చేరింది. సుమారు 30 లక్షల యూరోల ఖర్చు గని కంపెనీ భరించింది. ఈ రోజు అది బోర్నాలో పెద్ద చర్చి పక్కన నిలబడి ఉంది. వెళ్లి చూడండి, లైప్‌జిగ్ నుంచి లోకల్ రైల్లో వెళ్లొచ్చు.

ఇంజనీరుగా ఆ పనికి చేతులెత్తి దండం పెడతాను. కానీ అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఒక లోటు తెలుస్తుంది. చర్చి చుట్టూ ఉండాల్సిన సమాధులు లేవు, ఎదురుగా ఉండాల్సిన ఇల్లు లేదు, తాళంచెవి పెట్టుకునే పక్కింటి ముసలమ్మ లేదు. కట్టడం బతికింది, దాని ఊరు బతకలేదు. 30 లక్షల యూరోలు పెట్టినా ఊరిని కొనలేకపోయాం. పడమటి జర్మనీలో ఇమ్మెరాత్ ఊరి సంగతి ఇంకా దారుణం. 1888 నుంచి 1891 దాకా కట్టిన రెండు గోపురాల పెద్ద కేథలిక్ చర్చిని 2018 జనవరిలో గని కోసం యంత్రాలతో కూల్చేశారు. దానికి దగ్గర్లోని కైయెన్‌బెర్గ్ ఊరిని మాత్రం 2022లో తవ్వకం నుంచి మినహాయించారు. అప్పటికే, అంతకు ముందు ఏడాదే, అక్కడి చర్చిలో చివరి పూజ చేసి దాన్ని చర్చి హోదా నుంచి తప్పించేశారు. ఊరు మిగిలింది, చర్చి చర్చిగా మిగల్లేదు. కాట్‌బుస్ యూనివర్సిటీలో చదువుతున్న తమ్ముళ్లూ, మీరున్న లౌజిట్జ్ ప్రాంతంలో బొగ్గు కోసం పోయిన ఊళ్లు 130 పైమాటే. హోర్నో ఊరి చర్చిని 2004లో పేల్చేశారు. ఫోర్స్ట్ దగ్గర కొత్తగా కట్టిన హోర్నోలో పోయిన ఊళ్ల స్మృతులను దాచిన కేంద్రం ఉంది. సెమిస్టర్ టికెట్‌తోనే వెళ్లగలిగిన దూరం.

ఈ మాటలన్నీ విన్నాక కొందరు నన్ను అడిగిన ప్రశ్న న్యాయమైనదే. జర్మనీ ధనిక దేశం, పైగా చర్చి పన్ను వసూలు చేస్తారు, మన చందాలు ఎందుకు అని. చర్చి పన్ను అంటే చర్చి సభ్యుడు కట్టే ఆదాయపు పన్ను మీద 9 శాతం. బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లలో 8 శాతం. నెలకు 500 యూరోలు ఆదాయపు పన్ను కట్టే మనిషికి 45 యూరోలు పడుతుంది. సభ్యులు తగ్గితే ఆ డబ్బూ తగ్గుతుంది. 2022లో కేథలిక్, ప్రొటెస్టెంట్ అనే రెండు పెద్ద చర్చిల సభ్యులు కలిపినా దేశ జనాభాలో సగానికి దిగువకు పడిపోయారు. ఉన్న డబ్బు పాస్టర్ల జీతాలకు, కిండర్‌గార్టెన్లకు, సేవా సంస్థలకు ముందు వెళ్తుంది. మన పిల్లల్లో ఎంతమంది చర్చిలు నడిపే కిండర్‌గార్టెన్లలో జర్మన్ నేర్చుకున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. ఒక్క ప్రొటెస్టెంట్ చర్చి చేతిలోనే ఇరవై వేలకు పైగా చర్చి కట్టడాలున్నాయి, ఎక్కువ భాగం రక్షిత కట్టడాలే. తూర్పున ఒక్కో పాస్టరు అరడజను, కొన్నిచోట్ల డజను చర్చిలు చూసుకుంటున్నారు.

పెద్ద మరమ్మతుకు డబ్బు ఒక్క చోటు నుంచి రాదు. రాష్ట్రం కొంత, ప్రాంతీయ చర్చి కొంత, 1985లో పుట్టిన జర్మన్ కట్టడాల రక్షణ ఫౌండేషన్ కొంత, 1997లో ప్రొటెస్టెంట్ చర్చి పెట్టిన ఫౌండేషన్ కొంత. అయితే వీళ్లందరూ మొదట అడిగేది ఒకటే, మీ ఊరి సొంత వాటా ఎంత అని. ఆ సొంత వాటా లేకపోతే మిగతా డబ్బు కదలదు. ఊళ్లో ఆడవాళ్లు కేకులు చేసి అమ్మేది, వేసవిలో కచేరీలు పెట్టేది ఆ వాటా కోసం. ఏళ్లు పడుతుంది. ఈలోపు వర్షం ఆగదు.

ఇక్కడ మన క్రైస్తవ సోదరులతో ఒక మాట సూటిగా అంటాను, కోపం తెచ్చుకోకండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మతం గడి దగ్గర ఖాళీ వదిలేయమని కొత్తగా వచ్చినవాళ్లకు మన వాట్సాప్ గ్రూపుల్లో సలహా ఇస్తున్నారు. మీరు వెళ్లని చర్చికి కట్టమని నేను అనను. ప్రతి ఆదివారం వెళ్లి కూర్చునే చర్చికి, పిల్లల బాప్తిస్మం జరిగిన చర్చికి కట్టకుండా తప్పించుకోవడం మాత్రం బాగాలేదు. చదువుకునేవాళ్లలో ఆదాయపు పన్ను పడనివాళ్లకు ఆ భారమూ ఉండదు.

నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు వైపు లూథరన్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు హెర్మన్స్‌బుర్గ్ పేరు ఇంట్లో విన్నదే అయి ఉంటుంది. ల్యూనెబుర్గ్ గడ్డి భూముల్లో అదొక పల్లెటూరు. అక్కడి పాస్టరు లుడ్విగ్ హార్మ్స్ 1849లో రైతు కుర్రాళ్లతో మిషన్ బడి మొదలుపెట్టాడు. 1865లో ఆగస్ట్ మీలియస్ ఆ మిషన్ తరఫున తెలుగు నేలకు వచ్చాడు. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం మూలాలు అక్కడివి. సాలూరు, పార్వతీపురం వైపు వాళ్లకైతే బ్రెక్లుమ్. డెన్మార్క్ సరిహద్దు దగ్గరి ఆ ఊరి పాస్టరు క్రిస్టియన్ యెన్సెన్ 1876లో ఆ మిషన్ పెట్టాడు. 1842లో గుంటూరులో పని మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి వచ్చినా పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. దీన్ని నేను బాకీ అని అనను, మిషనరీల గురించి మనలో రకరకాల అభిప్రాయాలున్నాయి. కానీ తెలుగు నేల చరిత్రలో కొంత భాగం ఈ పల్లె చర్చిల రిజిస్టర్లలో, ఆదివారం చందా డబ్బాల్లో ఉంది. మన ఊళ్ల నుంచి ఇక్కడికి వచ్చి చదివే చరిత్ర విద్యార్థి ఒక్కరైనా హెర్మన్స్‌బుర్గ్ వెళ్లాలని నా కోరిక.

ఇక చేయగలిగింది. వైమార్, డ్రెస్డెన్, కాట్‌బుస్‌లో సివిల్, ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు ఒక చిన్న చర్చిని ఎంచుకుని దాని పైకప్పు కొలతలు, పగుళ్ల ఫొటోలు, తేమ రీడింగులు ఏడాది పొడవునా నమోదు చేసి ఇవ్వగలరు. నిధుల దరఖాస్తుకు ఊరివాళ్లకు ఇలాంటి రికార్డు ఎంతో పనికొస్తుంది. ఐటీలో ఉన్నవాళ్లు పాత రిజిస్టర్ల స్కాన్లు, ఊరి సంఘం వెబ్‌సైట్, కచేరీ టికెట్ల పని చూడొచ్చు. జర్మన్ బాగా వచ్చినవాళ్లు దరఖాస్తులు రాయడంలో కూర్చోవచ్చు, ఆ ఫారాలు పెద్దవాళ్లను చాలా విసిగిస్తాయి. వంట వచ్చినవాళ్లు వేసవి మేళాలో ఒక బల్ల పెట్టి పునుగులు, సమోసాలు అమ్మి ఆ డబ్బు సొంత వాటాలో వేయొచ్చు. సంఘాలు తమ పెద్ద పండుగ బడ్జెట్‌లో స్టేజీ లైట్లకు అయ్యేంత మొత్తాన్ని ఒక్క ఏడాది పక్కన పెట్టినా ఒక చిన్న ఊరికి చాలా ఊపిరి వస్తుంది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. అటక మీదికి ఎవరి అనుమతీ లేకుండా ఎక్కకండి. పాత చెక్క పలకలు బరువు ఆపవు. వేసవిలో అటక మీద గబ్బిలాలు పిల్లలు పెడతాయి, చట్టం వాటిని కాపాడుతుంది, ఆ నెలల్లో అక్కడ పని చేయనివ్వరు. గోపురంలో గుడ్లగూబ కోసం పెట్టిన పెట్టె కనిపిస్తే తీసేయకండి. మే నెలలో బయట వెచ్చగా, ఉక్కగా ఉందని తలుపులన్నీ బార్లా తెరవకండి. చల్లటి గోడల మీద ఆ గాలిలోని తేమ నీళ్లయి దిగుతుంది, ఆర్గాన్ గొట్టాల్లో బూజు పడుతుంది. క్రిస్మస్ ముందు రోజు ఒక్కసారిగా హీటర్ పెంచినా అంతే, చెక్క పగులుతుంది. ఏ తలుపు ఎప్పుడు తెరవాలో తాళంచెవి ఉన్న మనిషికి తెలుసు. ముందు ఆ మనిషి చెప్పేది వినండి.

ఆ మనిషిని పట్టుకోవడం కష్టం కాదు. ప్రతి ఊరి చర్చి దగ్గరా అద్దాల నోటీసు పెట్టె ఉంటుంది. తాళంచెవి ఎవరింట్లో ఉందో, ఫోన్ నంబరు ఏమిటో, ఊరివాళ్లు కలిసి చర్చిని ఊడ్చి శుభ్రం చేసే ఊడ్పు శనివారం ఎప్పుడో దాంట్లో రాసి ఉంటుంది. సెప్టెంబరు ఆదివారానికి చర్చి చూడటానికి వెళ్లండి, నవంబరులో ఆకులు రాలాక వచ్చే ఊడ్పు శనివారానికి పనికి వెళ్లండి. మన సంఘాల కార్యదర్శులు తమ ప్రాంతంలో ఒక ఊరిని ఎంచుకుని, ఆ ఊరి పేరు, ఆ శనివారం తేదీ ఆగస్టు నెలాఖరుకల్లా సభ్యులందరికీ పంపాలని మనవి. లైప్‌జిగ్ చుట్టుపక్కల వాళ్లకు మా ఊరి తేదీ నేనే పంపుతాను. గ్లౌజులు, నీళ్లు పట్టని బూట్లు తెచ్చుకోండి. నిచ్చెనలు, బకెట్లు అక్కడ ఉన్నాయి.

ఇట్లు,
సాక్సనీలో ఉంటున్న ఒక తెలుగు సివిల్ ఇంజనీర్